కాపలా ఉన్న వ్యాగన్

పోలీసు కాపలాతో ఆ వ్యాగన్ యార్డులోకి వచ్చి నాలుగు రోజులైంది. నాలుగో రోజు మధ్యాహ్నానికి రాయ్‌పూర్ రైల్వే కాలనీ సగం మూటలు కట్టేసింది. భోపాల్ గ్యాసు చెత్త తెచ్చారట, ఇక్కడే పాతిపెడతారట, సర్కారు నోరు మెదపదట. కొత్త రాష్ట్రం పుట్టి ఏడాదిన్నర కాలేదు, అప్పుడే దానికో కుట్ర పుట్టేసింది.

మల్లేశ్వరరావు కోడలు ఫణిశ్రీ కూడా సంచులు సర్దింది. ఆరంగ్‌లో అక్క ఇంటికి ఐదింటి బస్సు. కూతురు వీణకు మర్నాడు పొద్దున్నే పదో తరగతి లెక్కల పరీక్ష.

"పరీక్ష మళ్ళీ రాసుకుంటాది మావయ్యా. పేణం పోతే?"

"ఐదింటిదాకా టైముంది కదమ్మా. నాతో యార్డుకి రా. నీ కళ్ళతో చూసి అప్పుడెళ్ళు."

పార్వతీపురం నుంచి ఇరవై మూడో ఏట వచ్చిన మల్లేశ్వరరావు ముప్ఫై ఐదేళ్ళు నంబర్ టేకర్‌గా చేశాడు. బండి ఆగగానే కంకర మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ, లేబులూ పుస్తకంలోకి ఎక్కించడం ఆయన పని. రిటైరై ఏడాదైనా చెవి మీది పెన్సిలు దిగలేదు. వ్యాగన్ ఒక స్టేషను దాటాలంటే పదకొండు మందికైనా తెలియాలని ఆయన లెక్క.

"ఆ పదకొండులో మన భీమారావొకడు!" అనేవాడు. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భీమారావు ఒక ఆఫీసరు బదిలీ సంగతి ఆ ఆఫీసరుకే ముందుగా చెప్పిన మనిషి.

దారిలో ఫణిశ్రీ ఊరుకోలేదు. "భోపాల్లో దాచలేదేటి?"

"ఆ ఫ్యాక్టరీ పనోళ్ళు ముందే మొత్తుకున్నారమ్మా. ఇనిపించుకున్నోళ్ళు లేరు."

ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

యార్డులో కానిస్టేబుల్ ప్రేమ్‌చంద్ వ్యాగన్ తలుపుకు వీపు ఆన్చి బీడీ కాలుస్తున్నాడు. మల్లేశ్వరరావు కళ్ళు మెరిశాయి. గ్యాసుకి ఆనుకుని బీడీ! అపాయకరమైన సరుకుకి అంటించే పుర్రె బొమ్మ కూడా లేదు. లేబుల్ మాత్రం ఉంది. పెన్సిలు తీసి పైకే చదివాడు. "పోలీస్ స్టోర్స్."

"ఏయ్ చాచా, పీఛే హటో!" వెనక్కి పొమ్మంటూ ప్రేమ్‌చంద్ ముందుకొచ్చాడు.

"వెళ్తాలే బేటా," అన్నాడు మల్లేశ్వరరావు హిందీలో. "నీ విషానికి జడిసి కాలనీ ఖాళీ అవుతోంది. అది చెప్పి పోదామని వచ్చాను."

"విషమా?" ప్రేమ్‌చంద్ అటూ ఇటూ చూశాడు. నవ్వు ఆపుకోలేక తలుపు జానెడు జరిపాడు. తోలు వాసన గుప్పుమంది. నల్ల బూట్లు, వేలకొద్దీ. కొత్త బెటాలియన్ కోసం వచ్చినవి. ఒకటి తీసి ఫణిశ్రీ చేతిలో పెట్టాడు. ఇంకొకటి. మరొకటి. అన్నీ ఎడమకాలివే!

"ఊరంతా నవ్వుతుందని సాబ్‌లు నోరు మూసుకోమన్నారు దీదీ. పంపినవాడొచ్చి పట్టుకుపోయేదాకా ఈ కాపలా. ఎవరికీ చెప్పొద్దు."

ఫణిశ్రీకి నవ్వుతో పాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. "దీనికా మావయ్యా, నేను పిల్ల పరీక్ష మాన్పించబోయింది!"

యార్డు గేటు దాటారో లేదో, భీమారావు సైకిలు మీద రొప్పుతూ ఎదురొచ్చాడు. "మల్లేసూ, ఇన్నావా? అన్నీ ఎడంకాలివేనట! టీకొట్టోడు చెప్పాడు!"

మల్లేశ్వరరావు కోడలి వంక చూశాడు. ఆవిడ అప్పటికే ఇంటివైపు పరుగులాంటి నడకలో ఉంది. లోపలికి వెళ్తూనే సంచి బోర్లించింది. చీరల మధ్య నుంచి జామెట్రీ బాక్సు టంగుమని నేలమీద పడింది.

"వీణా, కూర్చో! త్రికోణమితి ఎక్కడిదాకా అయ్యింది?"