సెయింట్ మోనన్స్‌లో ఒక గంట

ముందుగా, కచ్చితంగా తెలిసినవి. 2009 వేసవిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి నేను, నా భార్య సుధ, ఆరేళ్ళ మా పాప స్కాట్లాండ్ తూర్పు తీరానికి వెళ్ళాము. ఆ ప్రయాణానికి నేను టైప్ చేసుకున్న షీట్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఒకే ఒక్క వరుస పక్కన, పెన్సిల్‌తో, నా చేతిరాతలో "+1 గంట, అత్తయ్య" అని ఉంది. మిగిలినది జ్ఞాపకం. కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేవాడిని. జ్ఞాపకాన్ని కొలతతో సమానంగా చూడను. దయ్యాలకూ, శకునాలకూ నా దగ్గర ఎన్నడూ చోటు లేదు.

ఆ తీరం పొడవునా పాత చేపల రేవులే. క్రేల్‌లో ఎర్ర పెంకుల ఇళ్ళు, పిటెన్‌వీమ్‌లో ఒక సాధువు గుహ, సెయింట్ మోనన్స్‌లో అలల అంచునే మధ్యయుగపు చర్చి. ఆ చర్చి గోడ కింద నడిచే బాట పోటు వేళ మునుగుతుంది. పోటు వేళల పట్టికలో ఆ రోజు పోటు ఉదయం తొమ్మిదిన్నరకని చూసి, మా నడకను పదకొండుకు పెట్టాను.

బయలుదేరే ముందు, మా దగ్గరే ఉంటున్న అత్తయ్యకు, అంటే సుధ వాళ్ళమ్మకు, షీటంతా చదివి వినిపించాను. ఆవిడది నల్గొండ, సముద్రాన్ని రెండుసార్లే చూశారు. సొరకాయ తరుగుతూ పదకొండు వరుసలూ విని, ఒక్కదాని దగ్గరే ఆపారు.

"గా చర్చి కాడికి మాత్రం ఒక గంట ఆగి పోండ్రి బాబూ. పిల్లతోని పోతున్నరు."

పోటు పట్టిక గురించి వివరించాను.

"మీ పట్టిక మీదే. గంట ఆగితే ఏం పోతది?"

"రాసుకో అబ్బా," అంది సుధ నవ్వుతూ. "నీ స్ప్రెడ్‌షీట్ ఏం మునిగిపోదులే."

తరవాత చెరిపేయవచ్చని పెన్సిల్‌తో రాశాను.

సెయింట్ మోనన్స్‌లో ఆ రోజు పదకొండుకు పాప చెయ్యి పట్టుకుని బాట వైపు కదిలాను కూడా. "అమ్మకి మాటిచ్చావ్," అని సుధ ఆపింది. విసుగ్గానే చర్చి ఆవరణలో కూర్చున్నాను. కొద్ది నిమిషాలకే ఒక అల గోడను కొట్టి బాటంతా కప్పింది. ఎవరో అక్కడ వదిలేసిన చేపల పెట్టెను లాక్కుపోయింది. ఆ పెట్టె మా పాపంత ఉంది. పన్నెండుకు బాట తడిగా, ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం పట్టికను మళ్ళీ చూశాను. వేళలన్నీ గ్రీనిచ్ కాలంలో ఉన్నాయని, వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కనుక ఒక గంట కలపాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మిషిగన్‌తో ఐదు గంటల తేడాను జాగ్రత్తగా లెక్కవేసుకున్నాను. గడియారాలు మార్చని దేశంలో పెరిగిన నాకు ఆ ఒక్క గంట తట్టలేదు.

పెద్దవాళ్ళు సహజంగానే జాగ్రత్తలు చెబుతారు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అక్కడిదాకా నాకు ఇబ్బంది లేదు. కానీ పదకొండు వరుసలూ సముద్రపు ఒడ్డువే. నా తప్పున్నది ఒక్కదాంట్లోనే. ఆవిడ ఆపినదీ దాన్నే, చెప్పినదీ సరిగ్గా గంటే. ఎందుకు?

తిరిగొచ్చాక అడిగాను. "నేనట్లన్ననా?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి ఆ మాటే గుర్తులేదు. ఆ పెన్సిల్ రాతను మాత్రం నేను చెరపలేదు.