దావీదుకు కప్పిన శాలువా

మెకానిక్ దావీదు చెవికి కోరుట్లలో పెద్ద పేరు. బోనెట్ ఎత్తకముందే, నిలబెట్టిన బండి గురగుర విని రోగం చెప్పేవాడు. అతని షెడ్డు పక్కనే నా ఫొటో స్టూడియో. ఆ పొగడ్తలన్నీ నా చెవినా పడేవి, కొంచెం ఒళ్లు మండేది కూడా. నేను ఎంత మంచి ఫొటో తీసినా ఒక్కడూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. రోజుకో వృత్తివాళ్లం జగిత్యాల రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తినేవాళ్లం. ఆ వంటావార్పుకు ఆ రోజు మెకానిక్‌ల వంతు. తొమ్మిదింటికి షట్టర్లు దించాలి. అన్నం గుండిగల బాధ్యత దావీదుది.

ఎనిమిదిన్నరకు జైపాల్ తన పాత వ్యాను తెచ్చాడు.

"దావీదన్నా, బండి నిలవెడితే సాలు, డబ్బల రాళ్లేసి ఊపినట్టు సప్పుడైతాంది. రోడ్డెక్కితే ఏం లేదు. సత్తవ్వ బిడ్డ అఖిల కాన్పుకు పుట్టింటికచ్చింది, ఏడో నెల. జగిత్యాల దవాఖానకు తోల్కపోవాలె."

దావీదు కిందికి దూరి, పొగగొట్టం మీది రేకును కర్రతో అదిమాడు. చప్పుడు ఆగింది. బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి బయటికొచ్చాడు.

"గింతే. ఇగ పో."

గింతే కాదని అతనికి తెలుసు. రేకు ఎందుకు ఊగుతుందో చూడాలి. వెనక గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టి వింటే, అతుకు వదిలిన చోట బుస్సుమంటుంది. ఐదు నిమిషాల పని. ఏ బండికైనా చేసేవాడు, ఆ రోజు చేయలేదు. ఆ వ్యానుకు ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. అతుకు బోల్టులు వదులై, పొగ అక్కడే కారుతోంది.

పదకొండింటికి ఆ వ్యాను వచ్చి మా పొయ్యిల ముందు ఆగింది. గర్భిణి ఉందంటే దారి ఇచ్చేవాళ్లమే. కానీ జైపాల్ అడగలేదు. "మన కొట్లాటకు మనమే అడ్డం పోతమా? అరగంట ఆగుత" అని దిగి, డప్పు దగ్గర చిందేశాడు. సెల్ఫ్ సరిగ్గా అందుకోదని ఇంజను మాత్రం ఆపలేదు. సన్నగా జల్లు మొదలైంది. లోపల ఉన్న సత్తవ్వ, అఖిల అద్దాలు మూసుకున్నారు.

డప్పు ఆగి ఉపన్యాసం మొదలయ్యేసరికి దావీదుకు చప్పుడు వినపడింది. అదే రేకు. వేడికి వైరు సాగింది. చేతిలో అన్నం గంప ఉంది, ముందు నలభై మంది కూర్చుని ఉన్నారు. "ఈ బంతి అయినంక చూద్దాం" అనుకున్నాడు. బంతి పూర్తిగా వడ్డించాడు. పక్కనే పప్పు బకెట్ పట్టుకుని నేనూ నడిచాను, నాకేం తెలియలేదు.

తర్వాత వెళ్లి వ్యాను తలుపు లాగాడు. సత్తవ్వ వాంతి చేసుకుంటోంది. అఖిల తల వాలిపోయి ఉంది, పిలిస్తే పలకదు.

రోడ్డు తెరిచాం. వేరే కారులో జగిత్యాలకు పంపాం. సాయంత్రానికి అఖిల కళ్లు తెరిచింది, కడుపులో బిడ్డ కదిలింది. అద్దాలు మూసి ఇంజను నడపడం వల్లే పొగ పట్టిందని దవాఖానలో అన్నారట. జైపాల్ కూడా ఊరంతా అదే చెప్పాడు.

మరి చూసి కాపాడిందెవరు? దావీదు! మర్నాడే టెంటులో శాలువా కప్పారు. ఫొటో నేనే తీశాను. తల దించుకుని నిలబడ్డాడు. "సిగ్గు ఎక్కువ మనోనికి" అని నవ్వాను. టెంటు నుంచి నేరుగా షెడ్డుకు పోయి, జైపాల్ వ్యాను కిందికి ఒక్కడే దూరి, అతుకుకు కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు బిగించాడు. ఏమైందని జైపాల్ అడిగితే "వేడికి వదులైంది" అన్నాడు. పది రోజులకు నా దగ్గరికి వచ్చి, గోడ మీది ఆ ఫొటో తీసెయ్యమన్నాడు.

అప్పటినుంచి ఏటా దసరాకు సత్తవ్వ మక్కజొన్న కంకులు తెచ్చి షెడ్డులో పెట్టేది. ఆమె వెళ్లాక దావీదు వాటిని వచ్చినవాళ్లకు పంచేసేవాడు. ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది దసరాకూ సత్తవ్వ వచ్చింది. కంకులు దించి, దావీదు చేయి పట్టుకుంది.

"తమ్మీ, మా మనుమనికి మూడేండ్లు నిండవట్టె, ఇంక మాట వస్తలేదు. మీ చర్చిల ఒక్క ప్రార్థన చేయించు. నీ నోటి మాటకు ఫలముంటది."

దావీదు స్టూలు మీద కూలబడ్డాడు. ఏడుస్తూనే అంతా చెప్పాడు. వైరు సంగతి, తడిగుడ్డ సంగతి, చప్పుడు విని కూడా బంతి వడ్డించిన సంగతి. గోడకు ఇవతల నిలబడి నేనూ విన్నాను.

సత్తవ్వ తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"మరి అద్దాలు?"

"అద్దాలేం జేసినయక్కా. పొగ లోపటికి రావుడే నా తప్పు."

"అద్దాలు నేనే మూసిన. బిడ్డ మీద జల్లు వడుతాందని. సిరిసిల్లల మా ఇయ్యపురాలు నన్ను మనుమన్ని ఎత్తుకోనిస్తలేదు తమ్మీ. నువ్వే పొగవెట్టినవు, నువ్వే వాని మాట గుంజుకున్నవు అంటది. నా బిడ్డ పక్కనే ఉంటది, ఏమనది. నేను గుడ నిజమే అనుకున్న. మూడేండ్లు."

దావీదు ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె అతని అంగీ పట్టి లేపింది.

"నా కాళ్లు మొక్కితే ఏమొస్తది? షట్టర్ గుంజు. ఇప్పుడు నాకు చెప్పిందంత సిరిసిల్లకచ్చి ఆమె ముందట చెప్పు."

దావీదు చేతుల గ్రీజు కూడా తుడుచుకోలేదు. సిరిసిల్ల బస్సు ఎక్కేదాకా సత్తవ్వ అతని అంగీ వదల్లేదు.