రాజవ్వ తినిపించిన జైలు కూడు

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలిన మొదటిరోజు ఒక వాసన వస్తుంది. ఎండకు పగిలిన కాలువ అడుగు, అందులో రాలిన ఆకులు, చచ్చిన నత్తలు, మేకల పెంట అన్నీ ఒక్కసారిగా నాని లేచే వాసన. మొన్న నా మనవరాలు ముక్కు మూసుకుని పక్కకు పోయింది. నాకు మాత్రం ఆ వాసనతో పాటే రాజవ్వ కళ్లముందు నిలబడుతుంది. మోకాళ్ల దాకా బురద, భుజాన పార, గోచీ పోసి కట్టిన ముతక చీర. నా చేత జైలు కూడు తినిపించిన మనిషి ఆవిడ.

నేను జైలుకు వెళ్లొచ్చిన సంగతి మా ఊళ్లో మరో రకంగా ప్రచారంలో ఉంది. నిజాం రాజ్యం పోయిన చాలా ఏళ్లకు, జెండా ఎగరేసే రోజున కొందరు కుర్రాళ్లు వచ్చి, ఆ రోజుల్లో జైలుకు పోయావట కదా తాతా అని అడిగితే, పోయానన్నాను. ఎందుకని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదికేడాది కథ కాస్త బలిసింది. సంకెళ్లు వచ్చాయి, ఇరవై మంది జవాన్లు వచ్చారు, ఒక ఏడాది తుపాకి కూడా పేలింది. అప్పటికింకా బతికే ఉన్న రాజవ్వ ఆ తుపాకి కథ ముందు వరుసలో కూర్చుని మొత్తం విని, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది. నన్ను బయటపెట్టలేదు. ఇక ఆవిడ లేదు కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను. నేను జైలుకు వెళ్లింది దావాలో ఓడిపోయి, ఎదుటివాళ్లకు ఇమ్మని కోర్టు చెప్పిన ఖర్చులు ఇవ్వనందుకు. నన్ను పట్టుకెళ్లడానికి వచ్చింది కోర్టు అమీను, అతని వెంట ఒక చప్రాసీ. తుపాకి లేదు. అమీను గొడుగు మాత్రం తెరిస్తే ఠప్పుమనేది.

మా పొలం కాలువ పక్కన, రాజవ్వ పొలం మా కింద. నీళ్లు మా గట్టు వెంబడి ఉన్న చిన్న బోదెలోంచి ఆమె మడికి పోవాలి. ఆమె పెనిమిటి చనిపోయిన ఏడాది నేను ఆ బోదె పూడ్చి నా మడిలో కలిపేసుకున్నాను. ఒంటరి మనిషి, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. బాన్సువాడ వెళ్లి, కాళ్లకున్న వెండి కడియాలు అమ్మి, వకీలును పెట్టుకుని దావా వేసింది. అక్కడ బోదె అనేదే ఏనాడూ లేదని నేను ప్రమాణం చేసి చెప్పాను. కోర్టువారు మనిషిని పంపి తవ్విస్తే మట్టికింద పాత రాతి తూము చెక్కుచెదరకుండా బయటపడింది. బోదె తెరవాలి, రాజవ్వ దావాకు పెట్టిన ఖర్చంతా నేనే ఇచ్చుకోవాలి అని తీర్పు వచ్చింది.

బోదె తెరిచాను. ఖర్చులు మాత్రం ఇవ్వనన్నాను. లేక కాదు, బెల్లం అమ్మిన రూపాయలు వడ్ల గుమ్మి అడుగున మూటగట్టి ఉన్నాయి. నీళ్లు పారుతున్నాయి కదా, ఇంకా ఏం కావాలి అని ఊరంతా తిరిగి చెప్పాను. పెద్దమనుషులకు నా మాట సబబుగానే తోచింది. సగమన్నా వదిలేయమని ఆమెను అడిగారు. రాజవ్వ గొంతు పెంచలేదు.

"బోదె నాదని నాకు ముందుగాలనే ఎరుక. గా ముచ్చట ఈనతోని ఒప్పించనీకే నా కడియాలు వోయినయ్. గవి ఇడిసిపెడితే వచ్చే యేడు మల్ల పూడుస్తడు. గప్పుడు అమ్మనీకె నా కాళ్లకు ఏమున్నయి?"

నాకు కోర్టుల చుట్టూ తిరగడం అలవాటైన బావమరిది ఒకడుండేవాడు. సామాన్లు జప్తు చేస్తారని వాడే ముందుగా చెప్పాడు. గిన్నెలు, మంచాలు, మేకలు అన్నీ రాత్రికి రాత్రే జుక్కల్ వైపున్న మా అత్తగారింటికి తోలేశాను. ఎడ్లను, నాగలిని, గుమ్మిలోని తిండిగింజలను ఎలాగూ ముట్టకూడదట. అమీను వచ్చి ఖాళీ ఇల్లు చూసి వెళ్లాడు. అయితే నన్నే పట్టించమని రాజవ్వ కోర్టును అడిగింది. దానికీ బావమరిది దగ్గర మందుంది.

"జైలుకు వోతే వో బావా. నిన్ను పెట్టిచ్చినోళ్లే నీకు ఖురాకీ కట్టాలె, తిండి పైసలు. ఎన్ని వారాలు కడుతది గామె? కట్టని దినం నువ్వు ఇంట్ల ఉంటవ్."

నాకు నచ్చింది. ఒక్క చిక్కల్లా నారు. మడిలో నారు ఎదిగింది. కాలువ నీళ్లు వంతుల ప్రకారం మా తూముకు వచ్చే రోజు దగ్గర పడుతోంది. ఆ వంతుకు నేను బయట లేకపోతే దున్నేది లేదు, నాటు లేదు, ఆ పంటా లేదు. ఈలోపే ఆమె చేతులెత్తేస్తుందని నా ధైర్యం.

జైలంటే బాన్సువాడ కచేరీ వెనక ఒక గది. ఒక కిటికీ, దానికి ఊచలు. కాపలాకు రహీం భాయ్ అనే జవాను. పూటపూటా అన్నం, పప్పు. నిజం చెప్పాలంటే మా ఇంట్లోకంటే బాగుండేది. అంగడి రోజు వస్తే రాజవ్వ ఊరి నుంచి నడిచి వచ్చి, వారానికి సరిపడా ఖురాకీ కట్టి, కిటికీ దగ్గర ఆగేది. తింటున్నావా అని అడిగేది. మస్తుగా అనేవాణ్ని. వెళ్లిపోయేది. నా భార్య పోసాని కూడా వచ్చేది. నారు ముదిరిపోతోంది, గుమ్మిలో డబ్బు తెచ్చి కట్టేస్తాను అని బతిమాలింది. ముట్టుకుంటే ఊరుకోనని కసిరి పంపాను.

మరో అంగడి రోజు వచ్చింది. పొద్దెక్కినా రాజవ్వ రాలేదు. మధ్యాహ్నం దాటినా రాలేదు. మా తూముకు నీళ్లు మర్నాడే వస్తాయని అంగడికి వచ్చినవాళ్లు చెప్పుకుంటున్నారు. కచేరీ మూసేలోపు ఖురాకీ పడకపోతే వదిలేస్తారన్నాడు రహీం భాయ్. నేను కంబళి మడతపెట్టి చంకన పెట్టుకున్నాను. గుమాస్తా కాగితాల కట్టలకు దారాలు కడుతుంటే ఊచల్లోంచి వాడి వేళ్లనే చూస్తున్నాను. ఒక కట్టే మిగిలింది. అప్పుడు వచ్చింది రాజవ్వ. ఆమె నీళ్ల వంతు మాకంటే ముందు, ఆ రోజు ఆమెకు నాట్లట. కూలీలను మడిలో వదిలి, కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చింది. డబ్బు కట్టి, కిటికీ కింద మెట్టు మీద కూలబడి, కొంగుముడి విప్పి జొన్నరొట్టె, కారం తీసింది. లోపల నా ముందు అన్నం, పప్పు.

ఆ ఎండు రొట్టె చూసి నా గుండె కరిగిపోయిందని చాలామందికి చెప్పాను. విని కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. కరగలేదు. నీ పైసలు అయిపోవస్తున్నాయి కదా రాజవ్వా అని ఎగతాళి చేస్తూ ఇంకో ముద్ద కలిపాను. రహీం భాయ్ పగలబడి నవ్వాడు.

"అరె సాయిలూ, నీకెవ్వరు చెప్పలేదా? గీమె కట్టే ఖురాకీ గూడ దావా ఖర్చులనే కలుస్తది. నువ్వు తినే పప్పు నీ పైసలదే."

చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. రాజవ్వ వైపు చూశాను. ఆమె నవ్వలేదు.

"నువ్వు అడగలె. తింటున్నోన్ని నడుమల ఎందుకు ఆపాలె అని నేను చెప్పలె."

నవ్వి ఉంటే నేను ఇంకో నెల అక్కడే కూర్చునేవాణ్ని, అది ఖాయం. ఆ మాటలో కసి లేదు. నన్ను ఓడించాలనే సరదా కూడా ఆమెకు లేదు, తన కడియాలు తనకు కావాలి, అంతే. అప్పటిదాకా నేను ఒక్కణ్నే కొట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది. కచేరీ మూస్తున్నారు. ఊరు దూరం. కబురు తీసుకెళ్లడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. నా భార్యకు తప్ప లోకంలో ఎవరికీ తెలియని రహస్యాన్ని నా దావాదారుకే చెప్పాల్సి వచ్చింది.

"వడ్ల గుమ్మి అడుగున మూట ఉన్నది. పోసానిని తెమ్మను."

మర్నాడు కచేరీ తలుపులు తెరిచేసరికి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. పోసాని లెక్కపెట్టి కట్టింది. ముట్టినట్టు రాజవ్వ వేలిముద్ర వేసింది. నేను ఊరికి పరుగెత్తాను. అంటే, వాగు దాకా పరుగెత్తి అక్కణ్నుంచి నడిచాను. వెళ్లేసరికి మా వంతు సగం జరిగిపోయింది. కింది మడి ఒక్కటే తడిసింది. ముదిరిన నారు ఆ ఒక్క మడికి కూడా సరిపోలేదు. ఆ యేడు సగం పొలం బీడు. రాజవ్వకు నారు మిగిలితే పీక్కుపొమ్మంది, కట్టకింత అని ధర చెప్పి. బేరం చేయకుండా ఇచ్చానని రాయాలని ఉంది. చేశాను. ఆమె తగ్గలేదు.

తర్వాత పాతికేళ్లు పక్కపక్క మడుల్లో బతికాం. ఆ బోదెలో ఒక్క గడ్డిపోచ అడ్డంపడినా నేనే తీసేవాణ్ని. నాకు రావాల్సింది మొహం మాడ్చుకోకుండా అడగడం, ఇవ్వాల్సింది ఎవరూ అడగకముందే ఇవ్వడం, ఈ రెండూ ఆమెను చూసే నేర్చుకున్నాను. రెండోది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మొన్న మా ఎద్దు పక్కవాడి కంచె విరగ్గొడితే, వాడు చూడకముందే కర్రలు కొని మోసుకెళ్లాను. ఎంతయింది పెద్దయ్యా అని అడిగాడు. గొప్పకు నాలుగు రూపాయలు పెంచి చెప్పాలని నాలుక దురద పెట్టింది. అసలు ధరే చెప్పాను.