డప్పుల దొర కోసం ఉపవాసం

ఆ రోజుల్లో పాపం చేయడానికి నాకు పెద్దగా తీరిక ఉండేది కాదు. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కాలి, తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సాయంత్రం దాకా ఏడో తరగతికి లెక్కలు చెప్పాలి, మళ్ళీ రైలెక్కి ఇంటికి రావాలి. బుధవారం సాయంత్రం స్త్రీల కూటం, శుక్రవారం పాటల ప్రాక్టీసు, ఆదివారం పొద్దున సండేస్కూలు, ఆ వెంటనే ఆరాధన. (శనివారం ఒంటిపూట బడి. ఆ మిగిలిన పూట తలంటుకోవడానికి, మర్నాటి పాఠం చదువుకోవడానికి సరిపోయేది.) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బైబిలు వాక్యమంతా నాకు వచ్చుననీ, ఏది మంచో ఏది చెడో తూకం వేసి చెప్పగలననీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకొక్కదానికే ఉంటే ఏ గొడవా లేకపోను. బాపట్లలో ఉన్న మా పిన్నికి కూడా ఉండేది.

ఒకనాడు పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, వీడు గది తలుపేసుకుని జపాను బొమ్మల పుస్తకాలు చదువుతున్నాడే. నేనొకటి తెరిచి చూశాను. ఒకడు కత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. నువ్వు సండేస్కూలు టీచరువి కదా, చదివి అవి మంచివో చెడ్డవో తేల్చి చెప్పు." వీడంటే పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, బాపట్లలోనే ఇంజనీరింగు చదువుతున్నాడు. నేను ఆ శనివారమే తనిఖీ అధికారిలా వెళ్ళి, ఉన్న ఎనిమిది భాగాల్లో మొదటి ఐదు సంచిలో వేసుకున్నాను. "అక్కా, వీటిని మాంగా అంటారు. పేజీలు మడవకుండా తెచ్చివ్వు," అన్నాడు వాడు దిగులుగా. ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చదవాలని మాత్రం చెప్పలేదు. కావాలనే చెప్పలేదని నాకిప్పటికీ అనుమానం.

సోమవారం రైల్లో మొదటి భాగం తీశాను. మొదట్లోనే ఒక భయంకరమైన మనిషి వంతెన మీద నుంచి వాగులో పడిపోయాడు. నాలుగు పేజీలు తిప్పేసరికి అదే మనిషి వంతెన మీద నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. ఇంకో పది పేజీలు తిప్పితే వాళ్ళ ఊళ్ళో గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. చచ్చినవాడు ఇంత మామూలుగా తిరిగి లేస్తే చూస్తూ ఊరుకోకూడదు, ఈ పుస్తకం సంగతి పాస్టరుగారికి చెప్పాల్సిందేనని పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. భట్టిప్రోలు దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు. "అమ్మా, ఏమనుకోకు. పొద్దుట్నుంచీ చూస్తన్నా. ఆ పుస్తకం నువ్వు చివర్నుంచి మొదలుపెట్టినట్టున్నావు. ఆ అట్ట మీద బాణం గుర్తు ఇటు చూపిస్తంది." చూస్తే నిజమే. హీబ్రూ లేఖనాలు కూడా కుడి నుంచే చదువుతారని మా పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో! సిగ్గుపడి పుస్తకం తిప్పి పట్టుకున్నాను. వేమూరు వచ్చేసరికి తనిఖీ సంగతి మర్చిపోయాను. తెనాలిలో దిగడం కూడా మర్చిపోయేదాన్నే గానీ, బండి అక్కడితో ఆగిపోతుంది కాబట్టి బతికాను.

కథ ఏ కాలానిదో గాని, జపానులో చిన్న చిన్న రాజులందరూ ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్న రోజులు. పడవలు కట్టే ఒక కుర్రాడు తల్లిని వెతుక్కుంటూ దీవి దీవికీ తిరుగుతాడు. అతని పేరు నాకిప్పుడు గుర్తు లేదు, అప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు పట్టినది అతన్ని తరిమే సేనాధిపతి. చిన్నప్పుడు శత్రువులు వాళ్ళ ఊరు తగలబెడితే, ఆ పిల్లవాడు ఒక ధాన్యపు కొట్లో మూడు రోజులు నక్కి కూర్చున్నాడు. బయటకొచ్చేసరికి ఊళ్ళో కుక్క అరుపు కూడా లేదు. అప్పటి నుంచీ అతను నిశ్శబ్దాన్ని భరించలేడు. తింటున్నా, పడుకున్నా చుట్టూ ఆరుగురు మనుషులు డప్పులు వాయిస్తూనే ఉండాలి. చప్పుడు ఆగితే కత్తి తీస్తాడు. పట్టుబడ్డ ప్రతివాణ్ణీ, "నీకు వినపడుతోందా?" అని అడుగుతాడు. వినపడుతోందన్నవాణ్ణీ చంపుతాడు, లేదన్నవాణ్ణీ చంపుతాడు. నేను అతనికి డప్పుల దొర అని పేరు పెట్టుకున్నాను.

చదువుతున్నకొద్దీ నాకు సౌలు రాజు కనపడసాగాడు. దురాత్మ పట్టి పీడిస్తుంటే దావీదు సితారా వాయించాక గాని నెమ్మది దొరకని మనిషి. ఈ దొరకు డప్పులవాళ్ళు ఆరుగురు దొరికారు గాని ఒక్క దావీదు దొరకలేదే అని, ఏడో తరగతి వాళ్ళకి భిన్నాలు చెబుతూ చెబుతూ బోర్డు ముందే నిట్టూర్చేదాన్ని. ఐదో భాగం చివర ఇద్దరు డప్పులవాళ్ళు పారిపోయారు. దొర చెవులు మూసుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అంతటితో పుస్తకం ఆగిపోయింది. మనసు ఆగలేదు. రోజూ ప్రార్థనలో అందరి పేర్లూ అయ్యాక, ఎవరికీ వినపడకుండా ఆ దొరను కూడా చేర్చేదాన్ని.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మా స్త్రీల కూటంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి భారం వాళ్ళు పేరు లేకుండా చీటీ మీద రాసి ఒక బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. చివర్లో తలా ఒక చీటీ తీసుకుంటారు. ఎవరిదని అడగకూడదు, పైకి చదవకూడదు. జవాబు వచ్చేదాకా దాన్ని బైబిల్లో పెట్టుకుని ప్రార్థించాలి, వచ్చాక నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఒక బుధవారం నేనూ ఒకటి రాశాను. "ఒక సహోదరుడి కోసం. చిన్నప్పుడు వాళ్ళ ఊరు కాలిపోయింది. అప్పటి నుంచి మనశ్శాంతి లేదు. నిశ్శబ్దం భరించలేడు, కత్తి తీస్తాడు. విడుదల కావాలి." ఇందులో ఒక్క అబద్ధం లేదు చూడండి. రాయని ముక్క ఒకటుంది, అంతే.

ఇంటికొచ్చాక మా నాయనమ్మ తన చీటీ నా చేతికిచ్చింది. ఆమెకు ఒక కంట్లో శుక్లాలు, రెండో కంటికి చేతిరాత ఆనేది కాదు. "చదివిపెట్టవే అమ్మడూ, నువ్వెలాగూ ఎవరికీ చెప్పవుగా." విప్పి చూస్తే నా అక్షరాలు నావైపే చూస్తున్నాయి. డబ్బాలో ముప్పై చీటీలుంటే అదే ఆమె చేతికి రావాలా! నా చీటీ నేనే చదివాను. నాయనమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"అయ్యో తండ్రీ! ఎవరి బిడ్డో! కత్తి తీస్తాడా?"

"అలాగే రాశారు నాయనమ్మా."

"ఎవరినన్నా పొడిచాడంటనా?"

"అది... రాయలేదు."

"ఇది ఊరికే చేసే ప్రార్థనకి లొంగేది కాదే. రేపట్నుంచి వాడికి విడుదలైందని కబురొచ్చేదాకా పగలు ముద్ద ముట్టను."

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ అంతకు ముందు ఆదివారమే నేను సండేస్కూల్లో పిల్లలకి, బొమ్మల పుస్తకాలు చదివి కాలం పాడు చేసుకోకూడదని పావుగంట చెప్పి ఉన్నాను. వెనక బెంచీలో పాస్టరమ్మగారు కూర్చుని తల ఊపారు కూడా. ఇప్పుడు ఏ మొహంతో చెప్పను? నోరు మూసుకున్నాను.

నాయనమ్మకి అప్పటికి డెబ్బై రెండేళ్ళు, పదేళ్ళుగా షుగరు. గురువారం పొద్దున మాత్ర వేసుకుని, మంచినీళ్ళు తాగి, మోకాళ్ళూనింది. శుక్రవారం కూడా అంతే. అమ్మ పోరుపెట్టింది. "షుగరు మాత్ర వేసుకుని తినకపోతే ఎలాగండీ అత్తయ్యా? డాక్టరుగారు ఏం చెప్పారు?" నాయనమ్మ వినలేదు. "నా సంగతి ఆయన చూసుకుంటాడు. ఆ పిల్లోడికెవరున్నారు?" శనివారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే, దండెం మీద చీర ఆరేస్తూ అలాగే జారి అరుగు మీద కూర్చుండిపోయింది. ఒళ్ళంతా చెమటలు. అమ్మ పంచదార నీళ్ళు పట్టిస్తే నాలుగు గుక్కలు తాగి, "ఇది తిండి కింద లెక్క కాదుగా?" అని అడిగింది.

రైల్లో కూర్చున్నానే గాని మనసంతా ఆ అరుగు మీదే ఉంది. ఇప్పుడే చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే నాయనమ్మ పోతుంది. ఈ రెండింటి మధ్య నా బుర్రకి మూడో దారి తోచింది. (లెక్కల టీచరుని కదా.) మిగిలిన భాగాల్లో ఎక్కడో ఒక చోట ఆ దొర పశ్చాత్తాపపడి ఉండకపోతాడా! ఉంటే, "నాయనమ్మా, ఆ సహోదరుడికి విడుదల వచ్చిందట" అని నిజమే చెప్పొచ్చు. ఒంటిపూట బడి అవగానే తెనాలి నుంచి బాపట్ల బండి ఎక్కాను. దారి పొడవునా నేను చేసిన ప్రార్థన బహుశా ఎప్పుడూ ఎవరూ చేసి ఉండరు. ప్రభువా, ఎనిమిదో భాగంలోనైనా సరే, ఆ మనిషికి బుద్ధి వచ్చేలా చెయ్యి!

తమ్ముడు నన్ను చూసి హడలిపోయాడు. "అక్కా, మంచివో చెడ్డవో తేల్చావా?"

"అది తర్వాత. దొర మారాడా లేదా?"

"ఏ దొర?"

"డప్పుల దొరరా! మారాడా? ఏడ్చాడా? కత్తి పారేశాడా?"

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎనిమిది భాగాల దాకా వచ్చిందక్కా. మిగతా డప్పులవాళ్ళు కూడా పారిపోయారు. ఒక్కడే అడవిలో తిరుగుతున్నాడు. అంతే."

"అంతే అంటే?"

"ఆపేశారు. రాసేదీ, బొమ్మలేసేదీ ఒక్కాయనేనంట. ఒంట్లో బాగోలేదంట. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతాడో తెలీదు. ఎప్పటికీ పెట్టకపోవచ్చు కూడా."

నేను వాడి మంచం మీద కూలబడ్డాను. దొర రక్షింపబడలేదు, నశించనూ లేదు. చెట్ల మధ్య నిలబడిపోయి ఉన్నాడు. వాడక్కడ నిలబడినంతకాలం మా నాయనమ్మ ఇక్కడ పస్తుంటుంది. పిన్ని పెట్టిన ఉప్మా ప్లేటు చూస్తే ఏడుపొచ్చింది. తినకుండానే తిరిగి రైలెక్కాను.

చీకటి పడే వేళకి ఇల్లు చేరాను. నాయనమ్మ వసారాలో మంచం మీద గోడకి ఆనుకుని ఉంది, ఒళ్ళో బైబిలు, అందులో నా చీటీ. కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. రైలు, దొర, ధాన్యపు కొట్టు, డప్పులు, చీటీ. ఆమె అరవలేదు. బైబిల్లోంచి ఆ చీటీ తీసి పట్టుకుంది.

"అయితే వాడు లేడా?"

"లేడు నాయనమ్మా."

"మన పక్కన నగరం ఊళ్ళో గానీ, చెరుకుపల్లి వైపు గానీ?"

"ఎక్కడా లేడు. పుస్తకంలో ఉన్నాడు."

"మరి పొడిచినవాళ్ళు?"

"వాళ్ళూ పుస్తకంలోనే."

"అంటే నిజంగా ఒక్క ప్రాణం కూడా పోలేదా? ఏ ఊరూ కాలలేదా? ఏ పిల్లోడూ ఆ చీకటి కొట్లో కూర్చోలేదా?"

"లేదు నాయనమ్మా. నన్ను క్షమించు."

నాయనమ్మ రెండు చేతులూ పైకెత్తి, "స్తోత్రం తండ్రీ, స్తోత్రం!" అని గట్టిగా ఏడ్చేసింది. "మూడు రోజుల నుంచీ వాడి తల్లి ఎక్కడుందో, ఏమైపోయిందో అని నా గుండెకాయ పీక్కుపోతందే. ఎవరికీ ఏం కాలేదా! అమ్మయ్య! అన్నం పెట్టు ముందు." నేను కంచంలో అన్నం, పప్పు వేసి తెచ్చాను. ఆమె నాలుగు ముద్దలు తిన్నాక గాని నాకు ఊపిరి ఆడలేదు. ఐదో ముద్ద దగ్గర చెయ్యి ఆపింది. నా గుండె కూడా ఆగింది.

"ఆ బొమ్మలేసే ఆయనకి ఒంట్లో బాగాలేదన్నావుగా. ఆయన నిజంగా ఉన్నాడా?"

"ఉన్నాడు. కానీ నాయనమ్మా, నీ కాళ్ళకి దణ్ణం పెడతా..."

"భయపడమాకే. ఆయన కోసం తిని చేస్తాలే," అని ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.

తర్వాతి బుధవారం ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది. నన్ను కాపాడుతుందనుకున్నాను. "నాకు పడిన చీటీ మా మనవరాలు రాసిందండీ. ఆ సహోదరుడు బొమ్మల పుస్తకంలో ఉంటాడంట," అని ముప్పై మంది ముందు చెప్పేసింది. నవ్వులు మొదలయ్యాయి. పాస్టరమ్మగారు కళ్ళజోడు తీసి, "బొమ్మ కోసం ప్రార్థనేంటమ్మా, టీచరువయ్యుండీ?" అన్నారు. నేను చాపలోకి దూరిపోవడానికి దారి వెతుకుతున్నాను. నాయనమ్మ ఇంకా కూర్చోలేదు. "మరి ఆ తప్పిపోయిన కొడుకుది ఏ ఊరండీ అమ్మగారూ? అదీ ప్రభువు చెప్పిన కథేగా. మొన్న ఆదివారం వాడి గురించి అయ్యగారు చెబుతుంటే మీరు కొంగుతో కళ్ళొత్తుకున్నారు, నేను చూశాను." పాస్టరమ్మగారే ముందు నవ్వారు. ఆ తర్వాత నన్ను మధ్యలో కూర్చోబెట్టి కథంతా చెప్పించారు. ఆ వారం కూటం గంట ఆలస్యంగా ముగిసింది. వెళ్ళేటప్పుడు ఒకావిడ నా పక్కకొచ్చి, "ఆ అడవిలో ఏం తింటున్నాడో పాపం," అంది.

నాయనమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళి ఏడేళ్ళయింది. బొమ్మలేసే ఆయన కోలుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. నాకిప్పుడు ముప్పై ఆరు దాటాయి, ఆ బిస్కెట్ల డబ్బా నా దగ్గరే ఉంటుంది, చీటీలు వేసేవాళ్ళని చూస్తే ఎవరు ఏం దాస్తున్నారో కొంచెం తెలుస్తుంది కూడా. పోయిన నెల తమ్ముడు వచ్చాడు. "అక్కా, కథ అయిపోయింది. నీ దొర చివరికి ఏమయ్యాడో చెప్పనా?" అన్నాడు. వద్దన్నాను. తెలిస్తే ప్రార్థన ఆపేయాలి కదా. వాడు పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను, ఒకప్పుడు రైల్లో కూర్చుని ఒక పుస్తకం కోసం దేవుణ్ణి బతిమాలిన పిల్ల మీద ఇద్దరం కలిసి నవ్వాం. వాడు బండి స్టార్టు చేసి వీధి మలుపు దాకా వెళ్ళాడు. "ఒరేయ్!" అని కేక వేశాను. ఆగి వెనక్కి చూశాడు. "ఏం లేదులే, మెల్లగా వెళ్ళు," అన్నాను.