గురా ఏటి గట్టు

గథోని మొక్కజొన్న చేనుకూ గురా ఏటికీ నడుమ ఏనుగుగడ్డి వరసలుంటాయి. ఒక వరస కోస్తే పక్కది వదలాలి. వానకు చేని మన్ను ఏటిపాలు కాకుండా ఆపేది అదే. ఆవు ఈనింది మేత ఎక్కువ కావాలని, వానలకింకా టైముందని ఈసారి ఆమె అన్నీ మొదలంటా కోసేసింది. మధ్యాహ్నానికే కొండమీద మబ్బు కమ్మింది. కాలు నిలవక గథోని గట్టుకూ పాకకూ తిరుగుతోంది.

"గట్టుకి గుండు కొట్టించావేంటే?" అంది తోడికోడలు వంజేరి, పైచేనులోంచి.

"ఎగతాళి తర్వాత, అక్కా. ఆ కోసిన గడ్డంతా తెచ్చి గట్టుకి అడ్డంగా వేద్దాం, రా."

"మరి ఆవేం తింటుంది, నీ తలకాయా?"

అంటూనే వంజేరి కిందికి దిగొచ్చింది. ఇద్దరూ పాకలోని మోపులు మోసుకొచ్చి మోళ్ల మధ్య కుక్కారు. చినుకులు మొదలయ్యాయి. పాకలో ఆవు అరుస్తోంది. గథోని వంగి, మన్ను కలిసిందా అని, గడ్డిలోంచి ఏట్లోకి జారే నీళ్ల రంగే చూస్తోంది.