ఎర్ర క్లిప్పు, నా వంతు

వీధిలో ఎవరో ఆముదం కాస్తున్నారు. ఆ వాసనకు అందరికీ బాలింత గది గుర్తొస్తుందేమో, నాకు మాత్రం మునగాల దగ్గర కోతలైన వరిమడి గుర్తొస్తుంది, ఇన్నేళ్లయినా ఒళ్లు మండుతుంది.

మా నాయన సూర్యాపేటలో రేడియోలు బాగుచేసేవాడు. రేడియో సెట్టుతో బొమ్మ విమానాలు ఎగరేయడం ఆయన పిచ్చి. ఎండాకాలం ఆదివారాల్లో కోదాడ నుంచి కాలేజీ పిల్లలు, మిర్యాలగూడ నుంచి ఓ లెక్కల సారు, మేమూ ఆ మడికి చేరేవాళ్లం. అమ్మ కట్టిచ్చిన తపాలచెక్కలు, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు, వరి కొయ్యకాళ్లు గీరిన మడమల మంట, రోడ్డు మీది లారీల హారన్లు, అన్నీ విమానం ఇంజన్లో ఇంధనంతో కలిసి మాడే ఆముదం వాసనలో కలిసిపోయేవి.

సెట్లన్నీ హైదరాబాదులో ఒకే కొట్లో కొన్నవి కాబట్టి అందరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ. ఇద్దరు ఒకేసారి ఆన్ చేశారా, గాల్లో ఉన్న విమానం ఎవరి మాటా వినక నేలకు కొట్టుకునేది. అందుకని నాయన ఒక చెక్కకు ఎర్ర రంగేసిన బట్టల క్లిప్పు తగిలించాడు. అది ఎవరి చొక్కాకు ఉంటే వాళ్లదే వంతు, మిగతావాళ్లు సెట్టు ముట్టకూడదు. నా చేతులతో చేసుకున్న పసుపు విమానం ఒక్కసారైనా ఎగరకుండా గొడుగు కింద పడి ఉండేది. పెద్దవాళ్ల వంతులయ్యేసరికి గాలి లేచేది.

ఆ ఎండాకాలం చివరి ఆదివారం నా వంతు ఖాయమన్నారు. లెక్కల సారు తన విమానం దించి, చెమట తుడుచుకుని, బండెక్కి మిర్యాలగూడ వెళ్లిపోయాడు. చూస్తే చెక్క మీద క్లిప్పు లేదు. ఆయన కాలరుతోనే పోయింది!

"సారు పోయిండు గద నాయినా, సెట్టు గూడ బందు జేసిండు. నేను ఎగరేస్త."

"క్లిప్పు లేంది ముట్టొద్దు బిడ్డా. గీ ఒక్కసారని ఇడిస్తే రేపు అందరు గట్లనే అంటరు."

ఆకు కదలడం లేదు, ఆకాశం తేటగా ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఏడ్చాను, అన్నం మానేశాను, ఆయన కరగలేదు. ఆయన మాటలో తప్పు లేదని తెలియడం వల్ల కోపం ఇంకా పెరిగింది.

మళ్లీ ఆదివారం సారు క్లిప్పు పట్టుకుని పరుగున వచ్చాడు. అప్పటికే కాల్వకు నీళ్లొదిలారు. మడిలో ట్రాక్టరు బురద దున్నుతోంది. నాయన క్లిప్పు తీసి నా గౌనుకు పెట్టి, "ఇగ నీ వంతే" అన్నాడు. ఆ క్లిప్పును అక్కడే విరిచెయ్యాలనిపించింది.

మరుసటి ఏడు ఆ మడిలో దాబా లేచింది. వేరే మడి చూద్దామన్నది మాటగానే మిగిలింది, నా విమానం రెక్కలు అటక మీద ఎలుకల పాలయ్యాయి. ఇప్పటి సెట్లు తమ ఫ్రీక్వెన్సీ తామే వెతుక్కుంటాయట, ఎవరూ ఎవరి కోసం ఆగనక్కరలేదు. ఇది విని మురిసిపోవడానికో, విసుక్కోవడానికో నాయన లేడు. ఎర్ర క్లిప్పు మాత్రం మా మేడ మీద బట్టల తీగకుంది. ఆయన పెట్టిన నియమం ప్రకారం ఇప్పటికీ వంతు నాదే.