చీపురు పట్టని మూడు గంటలు

ఈ పొద్దున పక్కింటి వాకిట్లో చీపురు చప్పుడు వినగానే నా చేయి కూడా మూలనున్న చీపురు దాకా వెళ్లి ఆగిపోయింది. మనవరాలు ఉద్యోగం పని మీద గువాహటి విమానమెక్కింది. ఎంతసేపటి ప్రయాణమో ముందే అడిగి పెట్టుకున్నాను. అది దిగేదాకా ఇల్లు ఊడవను. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ, ఈ లెక్క నాకు నేర్పింది రూతమ్మ టీచర్.

డెబ్బైల చివర్లో ఉప్పుగూడలో మా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. బడిలో భూగోళం చెప్పేవారు, ఒంటరి మనిషి. నాకు పెళ్లయిన ఏడాదిలోపే మా ఆయన ఫిట్టరు పనికి దుబాయి బయలుదేరారు. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి విమానం. ఇంట్లోంచి మనిషి ప్రయాణమైతే, చేరాడనుకునేదాకా చీపురు పట్టకపోవడం మా అత్త ఆచారం. వరంగల్ అయితే సాయంత్రానికి ఊడ్చేసేది. దుబాయి ఎప్పుడు చేరతారో ఆమెకేం తెలుసు? ఉత్తరం వచ్చేదాకా ఊడవొద్దంది. నాలుగు రోజులకే ఇంటి నిండా దుమ్ము, బర్రెల గడ్డి. ఆ చెత్త చూసినప్పుడల్లా ఆయన ఇంకా సముద్రం మీదే ఉన్నారేమోనని నాకు భయమేసేది. అన్నం సహించేది కాదు.

పాల కోసం వచ్చిన రూతమ్మ టీచర్ గడపలోనే ఆగిపోయారు. "ఏందక్కా, ఇల్లు గిట్లున్నది?"

అత్త సంగతి చెప్పింది. చెత్త కనబడితే వాడంతా లొల్లి చేసే మనిషి, ఇక మాకు చివాట్లే అనుకున్నాను. ఆమె తన ఇంటికి వెళ్లి గ్లోబు, కుట్టుదారం పట్టుకొచ్చారు. బొంబాయి నుంచి దుబాయికి దారం పరిచారు. అదే దారాన్ని కలకత్తా వైపు తిప్పి చూపించారు.

"చూడు, కలకత్తా కన్నా జరంత ఎక్కువ, గంతే. విమానంల మూడు గంటలు. బొంబాయి రైలే రాత్రంతా పోతది."

"నడుమ నీళ్లకు గూడ ఆగదా?" అంది అత్త.

"ఆగదు. లోపల్నే ఇస్తరు. ఆచారం వద్దంటలేనక్కా, మూడు గంటలు పాటించు. చేరినోని కోసం గూడ ఊడ్వకుంటె ఎట్ల?"

అత్త ఆ దారాన్ని తన వేళ్ల మీద పెట్టి కొలుచుకుంది. "సుగుణా, చీపురు తే" అంది. ఏడుస్తూనే ఊడ్చాను, ఎంత సంతోషమో! ఆ పూట కడుపు నిండా తిన్నాను.

భయపడొద్దని రూతమ్మ టీచర్ ఎవరికీ చెప్పేవారు కాదు, ఎంతసేపు భయపడాలో చెప్పేవారు. తర్వాత మస్కట్, జెద్దా వెళ్లినవాళ్ల ఇళ్ల ఆడవాళ్లంతా ఆ దారం దగ్గరికే వచ్చారు. ఆమె మాత్రం రిటైరయ్యాకే మొదటిసారి విమానమెక్కారు, చెల్లెలిని చూడటానికి ఢిల్లీకి. బయట ఆటో ఆగి ఉండగా గోడ మీంచి తొంగిచూశారు.

"రెండు గంటలు పడ్తది, సుగుణా." ఆటో వైపు ఒకసారి చూశారు. "నా ఇంట్ల ఎవ్వరు లేరు గదా. నువ్వు... ఊడ్వవు గదా?"

"చీపురు ముట్ట, టీచరమ్మా. పైలంగ పోయి రాండ్రి."

ఆ రెండు గంటలూ గడప మీదే కూర్చున్నాను. ఇవాళా కూర్చున్నాను. గువాహటికి ఇంకాస్త సమయం ఉంది, వాకిట్లో వేపాకులు అలాగే ఉన్నాయి.